విసనకర్ర లేని జపాన్

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. 19వ శతాబ్దపు ఫ్రెంచ్ అలంకార ముద్రణాచిత్రాల మీద జపాన్ ప్రభావం బలంగా ఉందని కళాచరిత్ర పుస్తకాలన్నీ రాస్తాయి. తీరా బొమ్మలు చూస్తే కిమోనో ఉండదు, ఫ్యూజీ కొండ ఉండదు, చెర్రీ పూలు ఉండవు. పారిస్ వీధులు, బిడ్డకు స్నానం చేయించే తల్లులు, నాట్యశాలలు కనిపిస్తాయి. మరి ఆ ప్రభావం ఎక్కడుంది, విమర్శకులు అంటగట్టిన మాటేనా అని అడిగారు.

అంటగట్టిన మాట కాదు. కానీ మీరు వెతుకుతున్న చోట అది లేదు. బొమ్మలో ఏ వస్తువులున్నాయని చూస్తే దొరకదు. చెక్క మీదో, రాయి మీదో, రాగి రేకు మీదో పని మొదలుపెట్టే ముందు ముద్రకుడు ఏమేం నిర్ణయాలు తీసుకున్నాడని అడిగితే దొరుకుతుంది. గీత ఎక్కడ ఆగాలి, రంగులు ఎన్ని, కాగితం ఎంతమేర ఖాళీగా ఉండాలి, మనిషి తల అంచు దగ్గర తెగిపోతే ఒప్పుకోవాలా వద్దా, ఇలాంటివి. ఇరవై ఏళ్ళకు పైగా ప్రింట్‌మేకింగ్ నేర్పిన అనుభవంతో చెబుతున్నాను. "జపాన్ పద్ధతిలో ఒక ప్రింట్ చేయండి" అంటే మొదటి ఏడాది పిల్లలు విసనకర్ర గీసి తెస్తారు. "మూడు అచ్చులకు మించకూడదు, నీడ వేయకూడదు, కాగితంలో సగం ముట్టుకోకూడదు, మీ వీధి చివరి టీ కొట్టు వేయండి" అన్నప్పుడే వాళ్ళకు జపాన్ అర్థమవుతుంది. ఫ్రెంచ్ వాళ్ళకూ ఆ మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు చేరడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది.

చరిత్ర భాగం త్వరగా చెప్పేస్తాను. 1853లో అమెరికా నౌకాదళం జపాన్ తలుపు తట్టింది. 1858లో ఫ్రాన్స్‌కూ జపాన్‌కూ వాణిజ్య ఒప్పందం కుదిరింది. 1860ల తొలి సంవత్సరాలకే పారిస్‌లో, రూ ద రివోలీ వీధిలో, దెసోయ్ దంపతుల కొట్టులో జపాన్ సరుకు దొరికేది. చిత్రకారులు, రచయితలు అక్కడ పోగయ్యేవారు. 1867 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో జపాన్ అధికారికంగా పాల్గొంది. 1872లో విమర్శకుడు ఫిలిప్ బ్యుర్తీ ఈ మోజుకు "జపోనిస్మ్" అని పేరు పెట్టాడు. 1878 ప్రదర్శనకు దుబాసీగా వచ్చిన హయాషి తదామసా పారిస్‌లోనే ఉండిపోయి ప్రింట్ల వ్యాపారి అయ్యాడు. ఫ్రెంచ్ సేకర్తలకు బొమ్మతో పాటు దాని అర్థం కూడా చెప్పిన మనిషి ఆయన. మరో పెద్ద వ్యాపారి సీగ్‌ఫ్రీడ్ బింగ్ 1888 నుంచి 1891 దాకా "ల జపోన్ ఆర్తిస్తీక్" అనే మాసపత్రిక నడిపాడు. 36 సంచికలు వచ్చాయి. దాన్ని అచ్చువేసిన షార్ల్ జిలో స్వయంగా జపాన్ కళాఖండాల సేకర్త. అంటే పారిస్‌లో కొత్త రంగు ముద్రణ విద్య తెలిసిన చేతులు, జపాన్ ప్రింట్లను రోజూ పట్టుకుని చూసిన చేతులు చాలాచోట్ల ఒకటే. ఈ సంగతిని పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. నా దృష్టిలో ఇదే కీలకం.

మొదటి మెట్టుకు మంచి ఉదాహరణ ఫెలిక్స్ బ్రాక్‌మోన్. ఎచింగ్‌లో, అంటే రాగి రేకు మీద గీతను ఆమ్లంతో గుంట చేసి అచ్చు తీసే పనిలో, ఆరితేరినవాడు. 1856లో ముద్రకుడు ఒగూస్త్ దెలాత్ర్ పనిశాలలో జపాన్ చిత్రకారుడు హొకుసాయి గీసిన "మాంగా" అనే స్కెచ్‌ల పుస్తకాల్లో ఒక సంపుటం ఆయన కంటపడిందని, దాన్నే జపాన్ మోజుకు ఆరంభమని చెబుతుంటారు. ఆ ఏడాది నిజమా అని చరిత్రకారులకు అనుమానముంది. అది ఎలా ఉన్నా 1866లో ఆయన చేసిన పని మాత్రం చేతికి అందే సాక్ష్యం. పింగాణీ, గాజు వ్యాపారి యూజెన్ రూసో ఆయన చేత ఒక భోజన పాత్రల సెట్టుకు నమూనాలు వేయించాడు. బ్రాక్‌మోన్ హొకుసాయి, మరో జపాన్ చిత్రకారుడు హిరోషిగె పుస్తకాల్లోని కోళ్ళను, చేపలను, పురుగులను, పూలను రాగి రేకుల మీద ఎచింగ్ చేశాడు. వాటిని కాగితం మీద అచ్చు తీసి, ఒక్కో బొమ్మనూ కత్తిరించి, పళ్ళెం మీద అతికించి కొలిమిలో పెట్టేవారు. కాగితం కాలిపోయి గీత మిగిలేది. తర్వాత చేత్తో రంగులద్దేవారు.

ఇందులో రెండు సంగతులు చూడండి. బొమ్మలు జపాన్ నుంచి నేరుగా ఎత్తినవే, కాబట్టి ఇది అరువు. కానీ పళ్ళెం మీద వాటిని పెట్టిన తీరు కొత్తది. అప్పటిదాకా ఫ్రెంచ్ పళ్ళెమంటే నడుమ ఒక గుత్తి, చుట్టూ సమానంగా తిరిగే అంచు. బ్రాక్‌మోన్ ఒక పక్కకు కోడిని, ఎదురు మూలన ఒక తూనీగను, ఇంకోచోట చిన్న కొమ్మను వదిలేశాడు. మధ్యలో తెల్లటి పళ్ళెం ఖాళీగానే ఉంది, అయినా తూకం తప్పలేదు. 1867 ప్రదర్శనలో ఈ సెట్టుకు మంచి పేరొచ్చింది. ముద్రణాచిత్రం గోడ మీద, ఆల్బంలో మాత్రమే కాదు, అన్నం తినే పళ్ళెంలో కూడా ఉండొచ్చన్న ఆలోచన అక్కడ గట్టిపడింది. అలంకార ముద్రణ అనే మాటకు అసలు అర్థం అదే.

ఇప్పుడు పనిముట్ల సంగతి. ఇది తెలియకపోతే మిగతాదంతా గాలి మాటే అవుతుంది.

జపాన్ రంగు ప్రింట్‌లో చిత్రకారుడు సిరాతో గీసిన పలుచటి కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికిస్తారు. చెక్కేవాడు గీతను మాత్రం వదిలి మిగతాది తొలిచేస్తాడు. అది గీత అచ్చు. తర్వాత ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. కాగితం ప్రతిసారీ అదే చోట కూర్చునేందుకు చెక్క మూలన ఒకటి, అంచున ఒకటి చిన్న గాట్లు పెడతారు, వాటిని కెంతో అంటారు. రంగు నీటిది, అందులో బియ్యప్పిండి గంజి కలుపుతారు. ప్రెస్ ఉండదు. వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్ళతో కాగితం వెనక చేత్తో రుద్దుతారు. పెడన కలంకారీ అద్దకం చూసినవాళ్ళకు ఇది వెంటనే తెలిసిపోతుంది. అక్కడా గీతకు ఒక టేకు అచ్చు, నింపుడు రంగులకు వేరే అచ్చులు. గీత అచ్చు దారి చూపిస్తే రంగు అచ్చు వెనక నడుస్తుంది.

అదే కాలంలో ఫ్రెంచ్ ముద్రకుడి చదువు దీనికి పూర్తిగా ఎదురు. నీడను సన్నటి అడ్డగీతల వలతో పట్టుకోవడం అతని విద్య. బాక్స్‌వుడ్ కాండాన్ని అడ్డంగా కోసి, ఉక్కు మొనతో వెంట్రుకవాసి గీతలు చెక్కి, చమురు పెయింటింగ్‌లోని వెలుగునీడలను నలుపు తెలుపుల్లో చూపించడం అతని గొప్ప. అలాంటి చేతికి, స్త్రీల బొమ్మలకు పేరుపడ్డ జపాన్ చిత్రకారుడు ఉతమారో ప్రింట్ అందితే ఏమవుతుంది? ముఖంలో ఒక్క నీడ లేదు. ముక్కు ఒకే గీత. మెడ వెనక జుట్టు నల్లటి మచ్చ. కిమోనో మీద పువ్వులు మడతల వెంట వంగకుండా సమంగా పరిచినట్టున్నాయి. అయినా ఆ స్త్రీ కూర్చున్న బరువు తెలుస్తోంది, చేతిలో కాగితం పలుచదనం తెలుస్తోంది. తాను ఇన్నేళ్ళు కష్టపడి నేర్చుకున్న పనిలో సగం అనవసరమేమో అన్న అనుమానం అతనికి అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ చిన్న పక్కదారి. ఈ ప్రవాహం ఒకవైపే పోలేదు. హొకుసాయి ఫ్యూజీ చిత్రాల్లో మనం ముచ్చటపడే ఆ గాఢమైన నీలం ప్రష్యన్ బ్లూ. 18వ శతాబ్దం తొలి ఏళ్ళలో బెర్లిన్‌లో పుట్టిన రంగు. దూరానికి పోయేకొద్దీ వస్తువు చిన్నదయ్యే లెక్క కూడా జపాన్ ముద్రకులు యూరప్ చిత్రాల నుంచి నేర్చుకుని తమకు కావలసినంతే వాడుకున్నారు. అంతకు ముందే మన కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు రెండు దేశాలకూ వెళ్ళాయి. జపాన్‌లో ఆ బట్టలను సరసా అన్నారు. ఫ్రాన్స్‌లో ఇండియెన్ అన్నారు. స్వదేశీ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని 1686 నుంచి 1759 దాకా ఫ్రాన్స్ వాటిని నిషేధించింది కూడా. ఇంటి అలంకారం కోసం తూర్పు దేశపు అచ్చును చూసి పాఠం నేర్చుకోవడం ఫ్రెంచ్ వాళ్ళకు 1860లలో మొదటిసారి కాదు.

రెండో మెట్టు 1890లో. ఆ వసంతంలో పారిస్‌లోని ఎకోల్ దె బోజార్‌లో బింగ్ ఏర్పాటు చేసిన ప్రదర్శనలో ఏడు వందలకు పైగా జపాన్ ప్రింట్లు ఒకేచోట కనిపించాయి. పారిస్‌లో స్థిరపడిన అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ అది చూసి ఊగిపోయింది. తోటి చిత్రకారిణి బెర్త్ మోరిసోకు ఉత్తరం రాసి, తప్పకుండా వచ్చి చూడమని బతిమాలింది. ఆ తర్వాత కొద్ది నెలల్లో తయారైన పది రంగు ప్రింట్లను 1891 ఏప్రిల్‌లో దురాన్-రుయెల్ గ్యాలరీలో పెట్టింది.

నన్నడిగితే ఈ అంశం మొత్తంలో ఒక్కటే చూడాలంటే ఆ పదీ చూడండి అంటాను. ఎందుకంటే ఆమె చెక్క ముట్టుకోలేదు. రాగి రేకుల మీద డ్రైపాయింట్‌తో (మొనతో నేరుగా గీకి) గీత, ఆక్వాటింట్‌తో (ఆమ్లంతో రేకును గరుకు చేసి) సమంగా పరిచిన రంగు. ఒక్కో బొమ్మకు రెండు మూడు రేకులు. ఒకే రేకు మీద వేర్వేరు చోట్ల వేర్వేరు రంగులను గుడ్డ ఉండతో అద్దడం. జపాన్ వాళ్ళు ఉబ్బెత్తు చెక్క మీద సాధించినదాన్ని ఆమె గుంట చెక్కిన లోహం మీద సాధించింది. రెండూ ముద్రణలో ఉత్తర దక్షిణ ధ్రువాలు. ఒకదాంట్లో మిగిలినది అచ్చవుతుంది, రెండోదాంట్లో తీసేసినది అచ్చవుతుంది. తడిపిన కాగితం సాగుతుంది కాబట్టి రేకులన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడం నరకం. ఎచింగ్ ప్రెస్ దగ్గర నిలబడి రెండో రేకు అర మిల్లీమీటరు జారిపోవడం చూసినవాళ్ళకు ఆ బాధ తెలుసు. ముద్రకుడు లెరోయ్, ఆమె కలిసి రోజంతా ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తే ఎనిమిదో పదో ప్రతులు వచ్చేవని ఆమే రాసింది. ఒక్కో బొమ్మకు 25 ప్రతులు.

ఆ పదిలో "ఉత్తరం" అనేది తీసుకోండి. ఒక స్త్రీ బల్ల ముందు కూర్చుని కవరు అంచును నాలుకతో తడుపుతోంది. బల్ల పైభాగం మన వైపు వాలినట్టుంటుంది. వెనక గోడ కాగితం మీద పూల నమూనా, ఆమె గౌను మీద ఇంకో నమూనా. మధ్యలో ఎక్కడా నీడ లేదు, అయినా ఆమె గోడకు అతుక్కుపోలేదు. కేవలం రెండు నమూనాల సాంద్రతలో తేడాతో లోతు తెప్పించింది. ఇది ఉతమారో పాఠం. కానీ ఆ స్త్రీ, ఆ బల్ల, ఆ కవరు ఫ్రాన్స్‌వే.

అయితే ఈ రంగు పని అప్పట్లో అందరికీ నచ్చిన సంగతి కాదు. అసలైన ముద్రణాచిత్రమంటే నలుపు తెలుపే, రంగు అంటే బజారు సరుకు అన్న పట్టుదల బలంగా ఉండేది. అధికారిక సలోన్ ప్రదర్శనలో ముద్రణ విభాగం 1890ల చివరిదాకా రంగు ప్రింట్లకు తలుపు మూసే ఉంచింది. పై పెచ్చు 1891లో ఫ్రెంచ్ చిత్రకార-ముద్రకుల సంఘం ఫ్రాన్స్‌లో పుట్టనివాళ్ళను బయట పెట్టింది. అందుకే కసాట్, కమీ పిస్సారో పక్క గదుల్లో విడిగా ప్రదర్శించుకోవాల్సి వచ్చింది. జపాన్ ప్రింట్లు చేసిన మేలుల్లో ఇదొకటి. రంగు ముద్రణ కూడా ఉన్నతమైన కళ కావచ్చని వాదించేవాళ్ళకు అవి ఎదురులేని సాక్ష్యమయ్యాయి.

పారిస్ పోస్టర్ల చిత్రకారుడు తులూజ్-లోత్రెక్ గురించి అందరూ రాశారు కాబట్టి ఒక్క పోస్టర్ దగ్గరే ఆగుతాను. "దివాన్ జపోనే" అంటే జపాన్ దివాణం. జపాన్ తరహా అలంకరణతో ముస్తాబైన ఒక పారిస్ కాఫీ-సంగీతశాల. 1893లో దానికి పోస్టర్ వేయమంటే లోత్రెక్ అందులో ఒక్క జపాన్ వస్తువు కూడా పెట్టలేదు. నల్ల గౌనులో కూర్చున్న నర్తకి జాన్ అవ్రిల్ ఒకే నల్లటి ఆకారం. కింది నుంచి పొడుచుకొచ్చిన వాద్యాల మెడలు. వేదిక మీద పాడుతున్న ఇవెట్ గిల్బేర్ తలను కాగితం పై అంచు కోసేసింది. ఆమె పొడవాటి నల్ల చేతితొడుగులు చూసి జనం గుర్తుపట్టాలి. ఊరంతా తెలిసిన గాయని ముఖాన్ని ప్రకటనలోంచి తీసేయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. అలా అంచు దగ్గర నిర్దాక్షిణ్యంగా కోసే అలవాటు హిరోషిగెది. మీ ప్రశ్నకు ఈ ఒక్క కాగితమే జవాబు. జపాన్ పేరున్న చోటికి వేసిన బొమ్మలో జపాన్ వస్తువు లేదు, జపాన్ నిర్ణయాలే ఉన్నాయి.

చిత్రకారుడు పియేర్ బొనార్‌ను మిత్రులు "మహా జపాన్ నబీ" అని పిలిచేవారు (నబీ అంటే ప్రవక్త, ఆ యువ చిత్రకారుల బృందం తమకు పెట్టుకున్న పేరు). ఆయన 1895 ప్రాంతంలో చేసిన "ఆయాల షికారు" అనే నాలుగు రెక్కల మడత తెర చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. మొదట రంగులతో గీసి, తర్వాత లిథోగా, అంటే రాతి అచ్చుతో, 110 ప్రతులు తీశారు. పైన ఒక వరసగా గుర్రబ్బండ్లు అంచు నమూనాలా సాగుతాయి. కింద ఒక మూల ఓ తల్లి, చక్రాలాటలో పిల్లలు, కుక్క. మధ్యలో వీధి. వీధి అంటే ఒట్టి కాగితమే. మనిషి కన్ను ఆ ఖాళీని దాటుకుంటూ ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకు నడవాల్సిందే. మడత తెర అనే వస్తువే తూర్పుది. దాన్ని రాతి అచ్చుతో ప్రతులు తీసి ఇళ్ళకు అమ్మాలనుకోవడం పారిస్‌ది. ఎదువార్ వుయార్ 1899లో వేసిన 12 లిథోల ఆల్బంలో గోడ కాగితం, దుప్పటి, మనుషులు ఒకే నేతలో కలిసిపోతారు. ఫెలిక్స్ వలొతోన్ స్విట్జర్లాండ్ వాడు, పారిస్‌లో నలుపు తెలుపు వుడ్‌కట్లు చేశాడు. రంగే లేకుండా కేవలం నల్లటి మచ్చలతో గది నిండా చీకటి నింపినవాడు. వీళ్ళందరికీ ఈజిల్ మీది పెయింటింగ్ కంటే గోడ, తెర, పుస్తకం, పోస్టర్ ముఖ్యం.

ఇక నాకు అత్యంత ఇష్టమైన మనిషి ఆన్రీ రివియేర్. పారిస్‌లో "షా న్వార్" అనే పాటల, వినోదాల కాబరేలో నీడబొమ్మలాట నడిపినవాడు. 1880ల చివర్లో రంగు వుడ్‌కట్ (చెక్క అచ్చు) మొదలుపెట్టాడు. పాఠం చెప్పే గురువు లేడు. జపాన్ ప్రింట్లనే చూసి, విప్పి, ఊహించి పద్ధతి కూడగట్టుకున్నాడు. చెక్క తానే చెక్కాడు, రంగు తానే నూరాడు, అచ్చు తానే తీశాడు. జపాన్‌లో నలుగురు పంచుకునే పనిని, చిత్రకారుడు, చెక్కేవాడు, అద్దేవాడు, ప్రచురణకర్త చేసేదాన్ని, ఒక్కడే మోశాడు. బ్రిటనీ తీరపు 40 దృశ్యాలు 1890 నుంచి 1894 దాకా వచ్చాయి. ఒక్కోటి 20 ప్రతులే.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. ఎదో అనే నగరంలో (నేటి టోక్యో) ఈ జపాన్ ప్రింట్లు ఒక గిన్నె సోబా నూడుల్స్ ధరకు అటూ ఇటూగా దొరికే సరుకు. గోడకు అంటించుకుని, చిరిగితే పారేసే బొమ్మలు. పారిస్‌లో ఆ పద్ధతిని నమ్మకంగా అనుసరించినవాడు చేయగలిగింది 20 ప్రతులు, అవి సేకర్తల సొరుగుల్లోకి పోయాయి. పద్ధతికి ఎంత దగ్గరైతే జనానికి అంత దూరమయ్యాడు. రివియేర్ తర్వాత చెక్కను వదిలి ముద్రకుడు యూజెన్ వెర్నోతో కలిసి లిథోకు మారాడు. బళ్ళలో, ఇళ్ళలో వేలాడదీసుకునే పెద్ద రంగు దృశ్యాలు వేశాడు. దాన్ని రాజీ అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. చెక్కను వదిలాకే ఆయన జపాన్ ప్రింట్ బతికిన బతుకుకు దగ్గరయ్యాడు.

ఆయన "ఐఫిల్ టవర్ 36 దృశ్యాలు" 1902లో పుస్తకంగా వచ్చింది. 500 ప్రతులు. వుడ్‌కట్‌గా మొదలుపెట్టి రెండు చెక్కి ఆపేశాడు, చివరికి అయిదు రంగుల లిథోగా పూర్తిచేశాడు. హొకుసాయి "ఫ్యూజీ 36 దృశ్యాలు" ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే ఇది అర్థమవుతుంది (నిజానికి అవి 46, జనం ఆదరణ చూసి పది కలిపారు). హొకుసాయికి కొండ ముఖ్యం కాదు. పీపా చేసేవాడి పీపాలోంచి, అలల నడుమనుంచి, రంపం కోసేవాళ్ళ దుంగ కిందనుంచి కొండ కనిపిస్తుంది. కొండ కదలదు, బతుకు కదులుతుంది. రివియేర్ కొండ స్థానంలో ఇనుప టవర్ పెట్టాడు. పారిస్‌లో చాలామంది అప్పటికి దాన్ని అసహ్యించుకునేవారు. చాకిరేవు దగ్గర, పడవల పొగ వెనక, నోత్ర్ దామ్ రాతి వికృతాకారం భుజం మీదుగా దూరంగా ఒక సన్నటి పుల్లలా అది నిలబడుతుంది. ఒక బొమ్మలో టవర్ మీదే వేలాడుతూ రంగు వేస్తున్న కార్మికుడున్నాడు. దానికి ఆధారం రివియేర్ టవర్ ఎక్కి తీసుకున్న సొంత ఫోటో.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చదునైన రంగు కనిపించిన ప్రతిచోటా జపాన్ అని రాసేయకండి. ఎపినాల్ పట్టణంలో అచ్చయ్యే చవక జానపద బొమ్మలు, చర్చీల రంగు అద్దాలు, ఫోటో, ఇవన్నీ అదే వైపు తోశాయి. ఇంకో మెలిక రంగుల్లోనే ఉంది. 18వ శతాబ్దపు జపాన్ ప్రింట్లలో పూల నుంచి తీసిన నీలం, కుసుమ పూల గులాబీ వెలుతురుకు నిలవవు. నీలం గోధుమ రంగుకు దిగుతుంది, గులాబీ వెలిసిపోతుంది. పారిస్ చేరిన పాత ప్రతుల్లో చాలావాటికి అప్పటికే వందేళ్ళ వయసు. ఫ్రెంచ్ వాళ్ళు మెచ్చుకున్న ఆ మృదువైన, అణిగిన రంగుల్లో కొంత భాగం కాలం చేసిన పని అని నా నమ్మకం. వెలిసిన చీరను చూసి నేతగాడి అభిరుచిని పొగిడినట్టు. అయినా ఆ పొరపాటులోంచే కసాట్ లేత ఆకుపచ్చలు, రివియేర్ బూడిద నీలాలు పుట్టి ఉంటే, ఆ పొరపాటుకు నేను రుణపడే ఉన్నాను.

మీరు స్వయంగా చూడాలనుకుంటే ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్ గాలికాలో రివియేర్ పనులు ఉచితంగా దొరుకుతాయి. కసాట్ పది ప్రింట్లు చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో పెద్ద సైజులో ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ వాన్ గో మ్యూజియంలో బొనార్, వుయార్, లోత్రెక్, వలొతోన్ ప్రింట్ల మంచి సేకరణ ఉంది. కసాట్‌తో మొదలుపెట్టండి. బిడ్డ స్నానం బొమ్మకు ఆమె మధ్యమధ్య తీసిన ప్రూఫులు ఎక్కడ దొరికినా వరసగా పెట్టుకుని చూడండి. మొదట్లో గీత ఒక్కటే ఉంటుంది. తర్వాత గౌనుకు పసుపు వస్తుంది, తొట్టికి నీలం వస్తుంది. తల్లి ముఖానికి మాత్రం చివరిదాకా నీడ రాదు.